ఒంటి వరుస రోడ్డు మీద ఇద్దరం

స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్ ఊరి చివర, లోపలే వంటా పడకా ఉండే మోటార్‌హోమ్‌లు అద్దెకిచ్చే యార్డులో ఒక పెద్దాయన మాకు బండంతా తిప్పి చూపించాడు. మంచినీళ్ల ట్యాంకు ఎక్కడ నింపాలి, వాడిన నీళ్లు ఎక్కడ వదలాలి, గ్యాస్ ఎలా కట్టేయాలి, టాయిలెట్ డబ్బా ఎలా బయటికి లాగాలి. చెప్పినవన్నీ మావారి వైపే తిరిగి చెప్పాడు. చివర్లో తాళం కూడా ఆయన చేతికే ఇచ్చాడు. మావారు దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, నా చేతిలో పెట్టారు.

"ఓ, మీరా నడిపేది?" అన్నాడు పెద్దాయన. వెటకారమేం లేదు, మామూలుగానే అడిగాడు.

"నేనే," అన్నాను.

నాకు కారు నడపడం వచ్చు. మేముండే స్విండన్‌లో మా ఇంటి నుంచి నేను నర్సుగా పనిచేసే హాస్పిటల్ దాకా, మళ్లీ హాస్పిటల్ నుంచి ఇంటిదాకా. డ్యూటీ రోటాలో నైట్ షిఫ్టు పడ్డప్పుడు బస్సులుండవు కాబట్టి నేర్చుకున్న డ్రైవింగ్ అది. అంతకుమించి ఎక్కడికి వెళ్లినా స్టీరింగు ఆయనదే. పెళ్లయినప్పటి నుంచీ అంతే. ఆయన నడుపుతారు, పక్క సీట్లో నేను బత్తాయి తొనలు ఒలిచి అందిస్తాను. బండి నడపడమంటే ఆయనకి పిచ్చి. ఇంజినీరు కదా, ఏ చప్పుడు దేనిదో చెబుతారు. స్కాట్లండ్ పైభాగం, ఆ సదర్లాండ్ వైపు, మనుషులుండని చోట ఒక్కసారి మోటార్‌హోమ్ వేసుకుని తిరగాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటూ, ఆ చలికాలంలో చివరికి బుక్ చేశారు.

చలి వెనకబట్టే రోజుల్లో ఒక శనివారం ఉదయం మా వంటింట్లో ఆయన పడిపోయారు. ఫిట్స్. అంతకుముందు ఎప్పుడూ లేదు. స్కాన్‌లు తీశారు, తలకి వైర్లు పెట్టి చూశారు. పెద్ద ప్రమాదమేం కనిపించలేదన్నారు. మాత్రలు రాశారు. డాక్టరు సరేననే దాకా బండి నడపకూడదన్నారు. ఆయన మారుమాట్లాడకుండా లైసెన్సు పంపించేశారు. మర్నాటి నుంచి బస్సులో ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టారు. ఇంట్లో ఆ సంగతి ఎత్తేవారు కాదు. నేనూ ఎత్తలేదు.

మిగిలింది మోటార్‌హోమ్ బుకింగ్. "క్యాన్సిల్ చేసెయ్," అన్నారు ఒకరోజు టీవీ చూస్తూ.

"ఎందుకు? నేను నడుపుతా," అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, "నువ్వా?" అన్నారు.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే నేనూ క్యాన్సిల్ చేసేసేదాన్నేమో. మా అమ్మాయి క్రోయిడన్‌లో ఉద్యోగం చేస్తుంది. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే. ఫోన్‌లో విని, "మమ్, ఆర్ యూ ష్యూర్?" అంది. ష్యూరే అన్నాను. అబద్ధం చెప్పాను.

ఆ బండి మా వంటింటికన్నా పొడుగు. ఇన్వర్‌నెస్ దాటాక కొంతదూరం రోడ్డు వెడల్పుగానే ఉంది. ఆ తర్వాత లోపలికి తిరిగేసరికి సన్నబడి సన్నబడి చివరికి ఒక బండి పట్టేంత మిగిలింది. అక్కడి రోడ్లన్నీ ఒంటి వరుసవే. ఎదురుగా ఎవరైనా వస్తే తప్పుకోవడానికి అక్కడక్కడా రోడ్డు పక్కన ఇంత ఉబ్బు ఉంటుంది. దాన్ని పాసింగ్ ప్లేస్ అంటారు, తెల్లబోర్డు పెట్టి ఉంటుంది. ఎవరికి దగ్గరైతే వాళ్లు అందులోకి తప్పుకోవాలి. ఎదుటివాళ్లు దాటి వెళ్తూ స్టీరింగు మీద నుంచి ఒక వేలు పైకెత్తుతారు. నువ్వూ ఎత్తాలి. అంతే, అదే పలకరింపు, అదే థాంక్స్.

నేను కళ్లు రోడ్డుకి అప్పజెప్పి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. పక్కన ఆయన ఒక చేత్తో తలుపు పిడి, ఇంకో చేత్తో సీటు అంచు పట్టుకున్నారు. కుడికాలు ఊరికే నేలకేసి నొక్కుతున్నారు, అక్కడ బ్రేకు ఉన్నట్టు.

"మెల్లగా."

"మెల్లగానే పోతున్నా."

"ఎడమకి ఎక్కువ పోతున్నావు. మెత్తటి నేల అది, చక్రం దిగబడితే ఇక లేవదు."

"చూస్తున్నా."

"గొర్రె. గొర్రె ముందుంది."

"నాకూ కళ్లున్నాయండీ."

ఒక పాసింగ్ ప్లేస్‌లో బండి ఆపేశాను. మీరిట్లా మాట్లాడుతుంటే నేను నడపలేను అన్నాను. ఆయన సరే అన్నారు. ఆ తర్వాత ఒక్కమాట కూడా మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఇంకా కష్టమైంది. ప్రతి మలుపు దగ్గరా ఆయన ఊపిరి బిగబట్టడం నాకు వినిపిస్తూనే ఉంది.

ఆ దారి గురించి చెప్పాలంటే, అసలక్కడ ఏమీ లేకపోవడం గురించే చెప్పాలి. ఇళ్లు లేవు, చెట్లు లేవు. మట్టిరంగు గడ్డి, నల్లటి నీటి మడుగులు, దూరంగా ఒంటరిగా నిలబడ్డ కొండలు. వాగుల్లో నీళ్లు టీ డికాక్షన్ రంగులో పారతాయి. ఫోన్‌లో సిగ్నల్ ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు. ఒకచోట టీకి ఆగితే, గడ్డిలో మోకాలెత్తు రాతిగోడలు కనిపించాయి. గదులు, గుమ్మం, పొయ్యి ఉండాల్సిన మూల. ఆ సాయంత్రం, రాత్రికి బండి నిలుపుకున్న క్యాంప్‌సైట్ ఆవిడ చెప్పింది. వెనకటికి అవన్నీ ఊళ్లేనట. గొర్రెలు మేపుకుంటే లాభమని భూస్వాములు మనుషుల్ని ఖాళీ చేయించి, ఇళ్లకి నిప్పు పెట్టించారట. మనుషుల్లేని చోటని ముచ్చటపడి వచ్చాం మేము. అక్కడ మనుషులు లేకపోవడానికి కారణం అది. మావారు ఆ రాత్రి భోజనం దగ్గర, "ఖాళీగా ఉంది కదా అని సంతోషపడ్డాను చూడు," అన్నారు. నేను మాట్లాడొద్దన్నాక ఆయన తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే.

బండి బయటి పనులన్నీ ఆయన మీద వేసుకున్నారు. పొద్దున లేస్తూనే ట్యాంకు నింపడం, కరెంటు కేబుల్ చుట్టడం, టాయిలెట్ డబ్బా ఖాళీ చేసి కడిగి తేవడం. నేను సాయానికి వెళ్తే వద్దనేవారు. "నువ్వు డ్రైవర్‌వి, కూర్చో," అనేవారు. నవ్వుతూనే అనేవారు, ఆ నవ్వు మాత్రం నాకు గుచ్చుకునేది. నేను లోపల పప్పు పెట్టేదాన్ని. కుక్కర్ విజిల్ వేస్తే ఆ నిశ్శబ్దంలో కొండకి తగిలి తిరిగొచ్చేది. పక్క బండిలోని ముసలి దంపతులు ఒకసారి కంగారుపడి తలుపు తట్టారు, మీ గ్యాస్ ఏమైనా లీకవుతోందా అని. వాళ్లకి చెరో గిన్నెలో గోంగూర పప్పు పోసిచ్చాను. ముసలాయన తిన్నాడు. ఆవిడ మర్యాదకి రెండు చెంచాలు తిని, నీళ్లు తాగి, చాలా బాగుందంది.

సాయంత్రాలు బయట కూర్చునే వీలు లేదు. మిడ్జీలని కంటికి ఆనని చిన్న పురుగులు దండుగా వచ్చి పడతాయి. దోమ మేలు, ఒకటే కుడుతుంది. కాబట్టి తలుపు వేసుకుని, ఆ ఇరుకులో, మోకాళ్లు తగులుకుంటూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. స్విండన్ ఇంట్లో ఆయన ఒక గదిలో ఉంటే నేను మరో గదిలో ఉండొచ్చు. నాది నైట్ డ్యూటీ అయితే రెండు మూడు రోజులు సరిగ్గా ఎదురుపడకుండానే గడిచిపోతాయి. ఇక్కడ తప్పించుకోవడానికి చోటు లేదు. అయినా మాట్లాడాల్సిన మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

ఆదివారం ఒక చిన్న ఊళ్లో ఆగాం. ఊరంటే ఒక పోస్టాఫీసు, పెట్రోలు పంపు, ఒక చర్చి. మాది బాప్టిస్టు కుటుంబం. ఎక్కడున్నా ఆదివారం ఆరాధన మానడం నాకు ఇష్టం ఉండదు. లోపల పది పన్నెండు మంది ఉన్నారేమో, అంతా పెద్దవాళ్లు. పియానో లేదు, గిటార్ లేదు. పాట సమయానికి పడమటి దీవుల నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక ముసలాయన లేచి, వాళ్ల గేలిక్ భాషలో కీర్తన ఎత్తుకున్నాడు. ముందు ఆయన ఒక్కడే ఒక చరణం లాగుతూ అన్నాడు. ఆయన ముగించకముందే మిగతావాళ్లు అందుకున్నారు. ఎవరి రాగం వాళ్లది, ఎవరి ఊపిరి వాళ్లది. ఒకళ్లు ముందు, ఒకళ్లు వెనక, అలలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు.

తెనాలి దగ్గర మా పల్లెలో చిన్నప్పుడు అచ్చం ఇట్లాగే పాడేవాళ్లు. చదువొచ్చిన వాళ్లు తక్కువ. ఉపదేశిగారు ఒక్కో చరణం చెబితే, చేలల్లో పని చేసి వచ్చిన ఆడవాళ్లు అందుకుని, ఎవరికి తోచిన చోట వాళ్లు సాగదీసి పాడేవాళ్లు. తర్వాత కీబోర్డులు, మైకులు వచ్చాక ఆ పాట పోయింది. పోయిందని కూడా నేను మర్చిపోయాను. నాకొక్క ముక్క అర్థంకాని భాషలో, భూమి చివర్లాంటి చోట అది మళ్లీ వినిపించేసరికి కళ్లు నిండాయి. మావారు తలొంచుకుని కూర్చున్నారు. బయటికొచ్చాక, "ఆ ముసలాయన ఆగిపోతే వీళ్లు పాడలేరు. వీళ్లు అందుకోకపోతే ఆయన ఒక్కడూ పాడలేడు," అన్నారు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన అప్పటికే బండి వైపు నడుస్తున్నారు.

మర్నాడు ఎండ కాసింది. రోడ్డు ఒక పెద్ద బీడు మీదికి ఎక్కింది. పల్లంలో ఎక్కడా ఒక గోడ గానీ స్తంభం గానీ లేదు. ముందు చూస్తే రోడ్డు తాడు పడేసినట్టు వంకర్లు తిరుగుతూ పోతోంది. వెనక చూసినా అదే. పొద్దుటి నుంచి మాకు ఎదురైనవి రెండు జింకలే. నా మెడ పట్టేసింది, భుజాలు లాగేస్తున్నాయి. ఒక పాసింగ్ ప్లేస్ పక్కన కాస్త గట్టినేల కనబడితే ఆపి, ఫ్లాస్కులో టీ పోశాను.

ఆయన టీ తాగకుండా రోడ్డు వైపే చూస్తున్నారు. "తాళం ఇటివ్వు," అన్నారు.

"దేనికి?"

"కాసేపు నేను నడుపుతా. నువ్వు అలిసిపోయావు."

నేను ఫ్లాస్కు మూత బిగించాను.

"ఒక్క అరగంట. ఈ బీడు దాటేదాకా. ఇక్కడెవరున్నారు? పోలీసులా, ఎదురొచ్చే బండా? నాలుగు నెలల నుంచి ఒక్కసారి కూడా రాలేదు నాకు. మాత్రలు వేసుకుంటున్నాగా."

"వద్దండీ."

"ఎవరున్నారే ఇక్కడ? మనిషన్నవాడు లేడు."

"నేనున్నానుగా," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. మా కాపురంలో ఆయన గట్టిగా అరిచింది లేదు, ఆరోజూ అరవలేదు. కప్పు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, తలుపు తీసుకుని దిగి, బీడులోకి నడుచుకుంటూ పోయారు. రోడ్డు వదిలేసి, గడ్డిలోకి. ఏమండీ అని పిలిచాను. వెనక్కి తిరగలేదు.

కాసేపు చూశాను. ఆయన చొక్కా ఎర్రటి చుక్కలాగా చిన్నదవుతూ పోయింది. అంతలో కొండ మీద నుంచి పొగమంచు దిగింది. అక్కడ మంచు ఎట్లా వస్తుందంటే, వస్తున్నట్టు కనిపించదు, చూస్తుండగానే కొండ ఉండదు. కొండ పోయింది, తర్వాత ఎర్రచుక్క పోయింది. ఫోన్ తీశాను, సిగ్నల్ లేదు. ఆ గడ్డి కింద అంతా నీళ్లే, మనిషి నడుములోతు దిగబడే గుంటలుంటాయని క్యాంప్‌సైట్ ఆవిడ చెప్పింది. అక్కడ ఆయనకి ఫిట్స్ వస్తే? బోర్లా పడితే? వెళ్లి వెతుకుదామంటే బండి కూడా కనిపించనంత తెల్లగా ఉంది, ఇద్దరమూ తప్పిపోతాం. స్టీరింగు దగ్గర కూర్చుని హారన్ కొట్టడం మొదలుపెట్టాను. కాసేపు కొట్టి, ఆగి, విని, మళ్లీ కొట్టాను. ఆగిన ప్రతిసారీ ప్రార్థన చేశాను. ప్రార్థనంటే పెద్ద మాటలేం కాదు. రప్పించు, రప్పించు అని, అంతే.

ఎంతసేపైందో తెలియదు. పక్కతలుపు తెరుచుకుంది. ఆయన మోకాళ్ల దాకా తడిసి, బూట్ల నిండా నల్లబురదతో నిలబడి ఉన్నారు. పెదవులు తెల్లబడ్డాయి. టవలిచ్చాను, పొడి సాక్సులిచ్చాను. ఆయన వెనక బల్ల దగ్గర కూర్చుని కాళ్లు తుడుచుకున్నారు. నేను హీటర్ వేసి ఎదురుగా కూర్చున్నాను. అద్దాలకి అవతల అంతా తెలుపే. బండి ఎక్కడా ఆనకుండా గాల్లో ఉన్నట్టుంది.

"హారన్ వినబడింది," అన్నారు కాసేపటికి. "ఎటు నుంచో ముందు అర్థం కాలేదు. నిలబడి, విని, నడిచి, మళ్లీ నిలబడి... అట్లా వచ్చాను."

"మంచిది."

ఆయన సాక్సు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. "ఆ రోజు ఏం జరిగిందో నువ్వు నాకు చెప్పలేదు," అన్నారు.

"డాక్టరుకి చెప్పినప్పుడు మీరూ ఉన్నారుగా."

"అది డాక్టరుకి చెప్పింది. ఎంతసేపు, ముందు ఏ చెయ్యి కొట్టుకుంది, అట్టాంటివి. నాకు చెప్పు. పొయ్యి దగ్గర నిలబడ్డం గుర్తుంది, అంబులెన్సు పైకప్పు గుర్తుంది. మధ్యలో నేను లేను. నువ్వున్నావు. అక్కడేం జరిగిందో నాకు తెలీదు, నీకు తెలుసు. బస్సులో కూర్చుంటే రోజూ అదే ఆలోచన."

ఆయన రోజూ అదే ఆలోచిస్తున్నారని నాకు తెలియదు. మర్చిపోవాలనుకుంటున్నారని అనుకున్నాను.

చెప్పాను. నైట్ డ్యూటీ చేసుకుని అప్పుడే ఇంటికొచ్చాను, ఇంకా యూనిఫాంలోనే ఉన్నాను. మీరు ఉప్మా చేస్తున్నారు, పోపు చిటపటలాడుతోంది. నా వైపు తిరిగి ఏదో అనబోయారు. మాట రాలేదు, ఒక కేక వచ్చింది. మీ గొంతు కాదది. ఫ్రిజ్జుకీ బల్లకీ మధ్య పడ్డారు. వార్డులో ఇట్లాంటివాళ్లని ఎంతోమందిని చూశాను, అక్కడ నా చేతులు వాటంతటవే పని చేస్తాయి. వంటింట్లో మిమ్మల్ని చూసేసరికి నేర్చుకున్నదంతా ఎటో పోయింది. ఎట్లాగో పక్కకి తిప్పాను, తల కింద తువ్వాలు పెట్టాను. మీ పెదవులు నీలంగా అయ్యాయి. లేరా, లేరా నాన్నా అంటూనే ఉన్నాను.

"రా అన్నావా? నన్నా?"

"అన్నాను. చాలాసార్లు."

ఆయన కొంచెం నవ్వారు. "తర్వాత?"

తర్వాతది చెప్పాలా వద్దా అని ఒక్కక్షణం ఆగాను. అది డాక్టరుకి చెప్పలేదు, మా అమ్మాయికి చెప్పలేదు. ఎవరికీ చెప్పకుండా నా దగ్గరే దాచుకున్నాను.

"తర్వాత మీరు కళ్లు తెరిచారు. నా వైపు చూశారు. సిస్టర్ అన్నారు."

"ఎవర్ని?"

"నన్నే. యూనిఫాం చూసి నర్సనుకున్నారు. మొహం గుర్తుపట్టలేదు. సిస్టర్, మా ఆవిడ డ్యూటీలో ఉంది, ఆమెకి ఫోన్ చేయకండి, భయపడుద్ది, అన్నారు."

ఆయన నా వైపు చూస్తూ ఉండిపోయారు. "నువ్వేమన్నావు?" అన్నారు చివరికి.

"చేయనులెండి, మీరు పడుకోండి అన్నాను."

ఆయన చేతిలోని సాక్సుతోనే మొహం తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను. ఆ రోజు నుంచి ఏడవలేదని అప్పుడే తెలిసింది నాకు. అంబులెన్సుకి ఫోన్ చేశాను, అమ్మాయికి ఫోన్ చేశాను, రెండు రోజుల తర్వాత మళ్లీ డ్యూటీకి వెళ్లాను, మాత్రల వేళలు చూశాను. ఏడవడానికి సందు దొరకలేదు.

"ఇంత చిన్న సంగతి ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"మీరు నన్ను గుర్తుపట్టలేదని బాధేసింది. గుర్తుపట్టకుండానే నా గురించి ఆలోచించారని... అదేంటో నాకే తెలీలేదు. ఎట్లా చెప్పను?"

ఆయన లేచి, కెటిల్‌లో నీళ్లు పోసి స్టవ్ వెలిగించారు. "నాకు భయంగా ఉంది," అన్నారు నాకు వీపు చేసి నిలబడి. "నడపకపోవడం కాదు. మళ్లీ అట్లా నేను లేకుండా పోతే, అదీ. బీడులో మంచు కమ్మినప్పుడు కూడా అదే అనిపించింది. నువ్వు హారన్ కొట్టకపోతే అక్కడే కూర్చుండిపోయేవాణ్ణి."

మంచు వచ్చినట్టే పోయింది. టీ తాగి బయల్దేరాం.

ఆ మర్నాడు ఎరిబోల్ అనే సముద్రపు పాయ చుట్టూ తిరిగి డర్నెస్ వైపు వెళ్లే దారిలో, ఒక పక్క బండరాయి, ఇంకో పక్క నీళ్లు ఉన్నచోట, మలుపు తిరిగేసరికి ఎదురుగా చేపల లారీ నిలబడి ఉంది. దాని వెనక రెండు కార్లు. లారీ వెనక్కి పోవడానికి వీల్లేదు. నేనే పోవాలి. పాసింగ్ ప్లేస్ నా వెనక మలుపుకి అవతలుంది. అన్నాళ్లూ నేను భయపడింది సరిగ్గా దీనికే.

ఆయన నా వైపు చూశారు. నేను దిగి ఆయన్ని కూర్చోమంటానేమోనని ఒక్క నిమిషం అనుకున్నారో ఏమో. నేను అనలేదు, ఆయనా అడగలేదు. సీటు కింద నుంచి పసుపుపచ్చ జాకెట్ తీసి వేసుకుని దిగారు. లారీ డ్రైవరుకి చెయ్యి ఊపి, బండి వెనక్కి వెళ్లి, నా కుడి అద్దంలో కనిపించేలా నిలబడ్డారు.

అద్దంలో ఆయన చెయ్యి పైకి లేచింది. రమ్మంది. వదిలాను. అరచెయ్యి నిలువుగా పెట్టారు, ఆగాను. వేళ్లతో కుడికి చూపించారు, తిప్పాను. ఒక్కమాట లేదు, అరుపు లేదు. ఆయన ఒక్కో అడుగు వెనక్కి వేస్తుంటే, నేను ఆ అడుగుకి తగ్గట్టు బండి వదిలాను. ఒకచోట ఎడమ వెనకచక్రం రోడ్డు అంచు దిగి, బండి నీళ్ల వైపు కొంచెం ఒరిగింది. అరల్లో గిన్నెలన్నీ ఒకేసారి కదిలాయి. అద్దంలోకి చూశాను. ఆయన రెండు చేతులూ మెల్లగా కిందికి దించారు, పిల్లల్ని ఊరుకోబెట్టేటప్పుడు చేసినట్టు. తర్వాత ముందుకి చూపించారు. కొంచెం ముందుకి తీసి, మళ్లీ వెనక్కి. మలుపు తిరిగింది. తెల్లబోర్డు కనబడింది.

లారీ దాటుతూ డ్రైవరు ఒక వేలు పైకెత్తాడు. నా చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి, ఎత్తలేకపోయాను. తల ఊపాను.

ఆయన ఎక్కి బెల్టు పెట్టుకున్నారు. "ఇంకో జానెడు రాయి వైపు వచ్చుంటే కుడి అద్దం పోయేది," అన్నారు.

"అంటే బాగా నడిపానని."

"అంటే అద్దం పోలేదని," అన్నారు. ఇద్దరం నవ్వాం. నేను వెంటనే కదల్లేదు. ఆయన సంచిలో నుంచి ఆరెంజి పండు తీసి ఒలిచి, ఒక్కో తొనా నాకందించారు. పిక్కలు తీయలేదు.

డర్నెస్ దగ్గర సముద్రం ఒడ్డున తెల్లటి ఇసుక, అవతల ఇక నేల లేదు. చాలాసేపు నిలబడి చూశాం. చూడ్డానికి ఏమీ లేదు నిజానికి. నీళ్లు, గాలి. చెవుల్లో హోరు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి బరువు ఆన్చారు. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ కొన్ని రోడ్లు, కొన్ని లారీలు, ఒక వాన. వాటిల్లో చెప్పుకోవాల్సిందేం లేదు.

తర్వాతి వసంతంలో డాక్టరు సరే అన్నారు, లైసెన్సు తిరిగొచ్చింది. మొదటిరోజు ఒక్కరే ఇండియన్ షాపుకి వెళ్లొస్తానన్నారు. నాకు ఆఫ్. నేనూ వస్తానని నోటిదాకా వచ్చింది, అనలేదు. ఆయన వెళ్లాక మెట్ల మీద కూర్చున్నాను. గుడ్డలు మడతపెట్టాలి, పెట్టలేదు. కారు చప్పుడు వినబడేదాకా అక్కడే కూర్చున్నాను. ఆయన కరివేపాకు, ఒక బస్తా ఉల్లిపాయలు పట్టుకొచ్చారు. రోడ్డు ఖాళీగా ఉందన్నారు. భయం పోయిందని చెప్పను. ఇప్పటికీ ఆయన మాట మధ్యలో ఆగితే నా తల అటు తిరుగుతుంది. అప్పుడు ఆయన, "ఉన్నానే, ఉన్నాను," అంటారు.

ఈ మధ్య మా అమ్మాయి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర ఆ సంగతంతా ఆయనే దానికి చెప్పారు. వంటింట్లో పడడం, నేను రా అని పిలవడం, సిస్టర్ అనుకోవడం, అన్నీ. దగ్గరుండి చూసినట్టు చెప్పారు. నేను చెప్పని ముక్కలు కూడా కలిపారు. "మీ అమ్మ కళ్లు చూస్తే ఈమెని ఎక్కడో చూశానే అనిపించింది," అన్నారు. అది నిజం కాదు. ఆయనకి అదేమీ గుర్తులేదు. మా అమ్మాయి చెయ్యి నోటికి అడ్డంపెట్టుకుని, ముందు నవ్వి, తర్వాత నవ్వు ఆపేసి, నా వైపు చూసింది. "ఈజ్ దట్ ట్రూ, మమ్?" అంది.

"మీ నాన్న చెబుతున్నారుగా," అని, ఆయనకి ఇంకాస్త అన్నం పెట్టాను.